గంజాయి షాపులో వాటా మీ ఆవిడ సిటిజన్‌షిప్ తర్వాతే, లెక్కల పుస్తకం ఆమెకు ఇప్పుడే వద్దు

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో స్టాక్టన్ దగ్గర ఉంటాం. నాకు రెండు గ్యాస్ స్టేషన్లు, ఒక లిక్కర్ స్టోర్ ఉన్నాయి. నేను సిటిజన్‌ అయి ఆరేళ్ళు దాటింది. మా ఆవిడకు గ్రీన్‌కార్డు వచ్చి నాలుగేళ్ళయింది, వచ్చే ఏడాది సిటిజన్‌షిప్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాం. తెలిసినాయన ఒకరు తన గంజాయి డిస్పెన్సరీలో 25 శాతం వాటా ఇస్తానంటున్నారు. రాష్ట్రం లైసెన్సు ఉంది, పన్ను కడుతున్నారు. మా ఆవిడ గుంటూరులో బి.ఫార్మసీ చదివింది, స్టాకు లెక్కలు ఆమెకు అప్పజెప్పాలని మా ఆలోచన. ఇక్కడ ఎమ్మెస్ చదువుతున్న మా మేనల్లుడు సాయంత్రాలు కౌంటర్లో నిలబడతానంటున్నాడు. లిక్కర్ స్టోర్ నడిపినవాడికి ఇది కొత్తేమీ కాదనుకుంటున్నాను, నిజమేనా? ఇంకో చిన్న సంగతి. వచ్చే నెల మా అమ్మ ఊరెళ్తోంది. ఆ షాపులో అమ్మే గంజాయి బామ్ రాసుకుంటే మోకాళ్ళకు హాయిగా ఉందంటోంది. రెండు డబ్బాలు పెట్టెలో పెట్టి పంపొచ్చా?

సమాధానం: మీరు అనుకున్న వరస తిరగేయండి. ముందు మీ ఆవిడ సిటిజన్‌షిప్, ఆ తర్వాతే వాటా. మీరిప్పటికే సిటిజన్ కాబట్టి ఆమె అయిదేళ్ళు ఆగనక్కర్లేదు. గ్రీన్‌కార్డు వచ్చాక మూడేళ్ళు మీతో కలిసి ఉంటే చాలు, అప్లై చేసుకోవచ్చు. అంటే ఆమెకు అర్హత వచ్చి ఏడాదైంది! ఈ వారమే ఇమిగ్రేషన్ లాయరును కలిసి అప్లికేషన్ పని మొదలుపెట్టించండి. ఆమె సిటిజన్‌గా ప్రమాణం చేసేదాకా డిస్పెన్సరీ కాగితాల మీద సంతకాలు వాయిదా వేయండి. అవతలాయన అన్నాళ్ళు ఆగనంటే ఆ బేరం మీది కాదనుకోవడమే మేలు.

కారణం ఇదీ. కాలిఫోర్నియా ఓటర్లు 2016 నవంబరులో గంజాయిని చట్టబద్ధం చేసే ప్రాప్ 64 అనే ప్రతిపాదనను గెలిపించారు, 2018 జనవరి 1 నుంచి పెద్దవాళ్ళకు అమ్మకాలు మొదలయ్యాయి. అదంతా రాష్ట్రం హద్దు వరకే. 1970 నాటి ఫెడరల్ నియంత్రిత పదార్థాల చట్టంలో గంజాయి ఉన్నంతకాలం, మీ షాపులో జరిగే ప్రతి అమ్మకమూ ఆ చట్టం దృష్టిలో మాదకద్రవ్యం అమ్మినట్టే. సిటిజన్‌షిప్, గ్రీన్‌కార్డు, వీసా చూసేది ఫెడరల్ ప్రభుత్వం. రాష్ట్రంలో లైసెన్సు ఉన్నా సరే, గంజాయి వ్యాపారంలో ఉద్యోగం చేసినవాళ్ళకు సత్ప్రవర్తన లేదని సిటిజన్‌షిప్ నిరాకరించవచ్చని ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టంగా రాసింది. దానికంటే ప్రమాదకరమైన నిబంధన ఇంకొకటుంది. సిటిజన్ కాని మనిషి మాదకద్రవ్యాల అమ్మకంలో పాలుపంచుకున్నారని ‘నమ్మడానికి కారణం’ కనిపిస్తే చాలు, దేశంలోకి రానివ్వకుండా ఆపొచ్చు. అరెస్టు కానక్కర్లేదు, శిక్ష పడనక్కర్లేదు. రెండు వారాలు గుంటూరు వెళ్ళి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగినప్పుడు, గ్రీన్‌కార్డు చేతిలో ఉన్నా ఆ ప్రశ్న లేవొచ్చు.

స్టాకు లెక్కలు చూసే ఉద్యోగం అన్నిటికంటే చెడ్డది. కౌంటర్లో అమ్మే కుర్రాడి పేరు బిల్లుల మీదే ఉంటుంది. లెక్కలు చూసే మనిషి పేరు మాత్రం ఏ రోజు ఎన్ని గ్రాములు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎవరు సరిచేశారు అన్నదాంతో సహా రాష్ట్రం కంప్యూటర్లో గంట, నిమిషంతో నమోదవుతుంది. రాష్ట్రానికి ఎంత పద్ధతిగా లెక్క చూపితే, ఫెడరల్ అధికారి చేతికి అంత పక్కా సాక్ష్యం అందించినట్టు. మీ ఆవిడ పని బాగా చేసేకొద్దీ ఆమె ఫైలు చెడుతుంది.

ఆ ఫెడరల్ చట్టం జాబితాలో గంజాయి ఉన్న వర్గం, అంటే షెడ్యూల్, మారుతోంది కదా అని మీకు ఎవరో చెప్పే ఉంటారు. గంజాయిని మొదటి షెడ్యూల్ నుంచి మూడోదానికి మార్చాలని 2024లో న్యాయశాఖ ప్రతిపాదించిన మాట నిజమే. అయితే ఇమిగ్రేషన్ చట్టం షెడ్యూల్ నంబరు చూడదు. జాబితాలో ఎక్కడ ఉన్నా అది నియంత్రిత పదార్థమే. మారితే మీకు ఒరిగేది పన్నులో, ఆ సంగతి కింద చెబుతాం.

ఆమెకు ఉద్యోగం ఇవ్వకుండా మీరు మాత్రం వాటా తీసుకుంటే సరిపోతుందా అంటే, అక్కడా రెండు ముళ్ళున్నాయి. కాలిఫోర్నియాలో పెళ్ళయ్యాక వచ్చే సంపాదన భార్యాభర్తలిద్దరిదీ. పైగా మీరు జాయింట్‌గా పన్ను రిటర్ను వేస్తే డిస్పెన్సరీ పేరున్న కాగితం ఆమె సంతకంతో వెళ్తుంది. మూడేళ్ళ పద్ధతిలో అప్లై చేసేవాళ్ళు ఆ రిటర్నులనే సంసారం కలిసి చేస్తున్నామనడానికి రుజువుగా చూపిస్తారు. అందుకే సంతకాలు వాయిదా వేయమంటున్నది. ఇప్పటికే ఆమె షాపులో నాలుగు రోజులు పనిచేసి ఉంటే ఆ సంగతి లాయరుకు చెప్పండి. సిటిజన్‌షిప్ ఫారంలో ఉద్యోగాల గురించి అబద్ధం రాస్తే అది వేరే నేరం, దాని మచ్చ పోవడం ఇంకా కష్టం.

మేనల్లుడి విషయం రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాడికి బయట ఇలాంటి ఉద్యోగం చేసే హక్కే లేదు, అందులోనూ గంజాయి. జీతం లేకుండా ‘ఊరికే సాయం’ అన్నా వద్దు. గ్యాస్ స్టేషన్లో కూడా వద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటాం.

ఇక మీ సంగతి. 20 శాతం, ఆపైన వాటా ఉన్నవాళ్ళను రాష్ట్ర కానబిస్ నియంత్రణ శాఖ ‘ఓనర్’ కింద లెక్కిస్తుంది. మీది 25 కాబట్టి లైవ్ స్కాన్ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిలో వేలిముద్రలు ఇవ్వాలి, వివరాలన్నీ వెల్లడించాలి. లైసెన్సు ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ కాదు. పాత ఓనర్లలో కనీసం ఒకరు కొనసాగుతుంటే షాపు నడుస్తూనే ఉండొచ్చు, మీరు చేరిన 14 రోజుల్లోపు కాగితాలు దాఖలు చేయాలి. అందరూ తప్పుకుని మీరొక్కరే మిగిలే బేరమైతే కొత్త లైసెన్సు చేతికి వచ్చేదాకా షాపు తెరవకూడదు. ఆయన ఇప్పుడు 25 ఇచ్చి ఆర్నెల్లలో మిగతాదీ మీకు అంటగట్టే ఆలోచనలో ఉన్నారేమో అడిగి తెలుసుకోండి. రాష్ట్రం లైసెన్సుతో పాటు సిటీ పర్మిట్ కూడా ఉండాలి. ఓనర్ల మార్పుకు సిటీ ముందస్తు అనుమతి అడుగుతుందేమో చూడకుండా సంతకం పెట్టొద్దు. చాలామంది జారిపడేది ఈ మెట్టు దగ్గరే.

కంపెనీలో వాటా కొంటున్నారంటే దాని పాత బాకీలూ కంపెనీతోనే వస్తాయి. ముందు చూడాల్సింది ఎక్సైజ్ పన్ను రిటర్నులు. 2023 జనవరి నుంచి 15 శాతం ఎక్సైజ్ పన్ను వసూలు చేసి మూడు నెలలకోసారి కట్టే బాధ్యత రిటైలరుదే. 2025 జులైలో అది 19కి పెరిగి, అక్టోబరు 1 నుంచి మళ్ళీ 15కి వచ్చింది. ఆ మూడు నెలల బిల్లులు తీయించి ఏ రేటు వేశారో చూడండి. కౌంటర్ సాఫ్ట్‌వేర్‌లో రేటు మార్చడం మర్చిపోయి ఉంటే తేడా కంపెనీ నెత్తిన పడుతుంది. కట్టని ఎక్సైజ్ మీద జరిమానా మామూలుది కాదు, బాకీలో సగం. సేల్స్ ట్యాక్స్ కూడా ఎక్సైజ్ కలిపిన మొత్తం మీద వేయాలి. 100 డాలర్ల సరుకుకు 15 ఎక్సైజ్, మీ ఊళ్ళో సేల్స్ ట్యాక్స్ 9 శాతమనుకుంటే 115 మీద 10 డాలర్ల 35 సెంట్లు. 100 మీద 9 వేసిన బిల్లు కనిపిస్తే ఆ షాపు లెక్కలన్నీ అనుమానించాల్సిందే.

అసలు దెబ్బ ఫెడరల్ ఆదాయపు పన్నులో ఉంది. గంజాయి మొదటి, రెండో షెడ్యూళ్ళలో ఉన్నంతకాలం పన్ను చట్టంలోని 280ఈ సెక్షన్ వర్తిస్తుంది. సరుకు కొన్న ధర తప్ప జీతాలు, అద్దె, కరెంటు, ప్రకటనలు, ఏ ఖర్చూ తీసేయనివ్వదు. ఏడాదికి 10 లక్షల డాలర్ల అమ్మకం, 5 లక్షల సరుకు, 4 లక్షల ఖర్చులు అనుకోండి. నిజంగా మిగిలింది లక్ష. ఫెడరల్ లెక్కలో ఆదాయం 5 లక్షలు. మీ 25 శాతానికి చేతికొచ్చే లాభం 25,000, పన్ను వేసే ఆదాయం 1,25,000. ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) లాభనష్టాలు నేరుగా మీ రిటర్నులోకి వచ్చే పద్ధతిలో ఉంటే, మీరు 24 శాతం స్లాబులో ఉన్నా 30,000 కట్టాలి. అంటే సంపాదించినదంతా ఇచ్చి ఇంకో 5,000 గ్యాస్ స్టేషన్ డబ్బు కలపాలి. అందుకే ‘లాభం ఎంత’ అని కాదు, ‘280ఈ తర్వాత ఎంత’ అని అడగండి. కంపెనీ ఏ పద్ధతిలో పన్ను కడుతోంది, ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్ఎస్‌కి పాత బాకీ ఉందా అన్నవి గంజాయి వ్యాపారాల లెక్కలు చేసిన సీపీఏతో (లైసెన్సున్న అకౌంటెంటుతో) చూపించండి. మీ గ్యాస్ స్టేషన్ లెక్కలు చూసే ఆయన ఎంత మంచివాడైనా ఇక్కడ చాలడు.

లిక్కర్ స్టోర్ అనుభవం పనికొచ్చేది ఐడీ చూడటం వరకే. ఒకే ఆవరణలో మద్యం గానీ పొగాకు గానీ అమ్మకూడదు కాబట్టి మీ స్టోర్లో ఒక మూల కేటాయిద్దామనే ఊహ ఉంటే మానుకోండి. స్టాకు దగ్గర తేడా మొత్తం బయటపడుతుంది. లిక్కర్ స్టోర్లో ఒక బ్రాండు విస్కీ సీసా ఇంకో సీసాతో సమానం. ఇక్కడ ప్రతి పెట్టెకూ మెట్రిక్ అనే రాష్ట్ర సాఫ్ట్‌వేర్‌లో 24 అక్షరాలూ అంకెలూ ఉన్న ట్యాగు ఉంటుంది, లెక్క ఆ ట్యాగు వారీగా చూపాలి.

తప్పు ఎలా పుడుతుందో చూడండి. ఒకే కంపెనీ, ఒకే రుచి గమ్మీలు (గంజాయి కలిపిన జెల్లీ మిఠాయిలు) రెండు పెట్టెలు అరలో పక్కపక్కన ఉన్నాయి. ఒకటి పాత బ్యాచ్, ఒకటి కొత్తది. కొనేవాడు మూడు డబ్బాలడిగాడు. కుర్రాడు పాతపెట్టెలో మిగిలిన రెండు, కొత్తపెట్టెలోంచి ఒకటి తీశాడు. రద్దీలో మొదటి డబ్బాను స్కాన్ చేసి క్వాంటిటీ 3 అని కొట్టాడు. డబ్బు సరిపోయింది, డబ్బాల మొత్తం కూడా సరిపోయింది. మెట్రిక్‌లో మాత్రం పాత ట్యాగు ఒకటి మైనస్, కొత్త ట్యాగు ఒకటి ప్లస్. నెలాఖరున సరుకు పేరు వారీగా లెక్కపెడితే ఈ తప్పు కనబడనే కనబడదు. ఇలాంటివి యాభై పోగయ్యాక ఇన్‌స్పెక్టర్ వచ్చి ఒక ట్యాగు చూపించి ‘ఈ పెట్టె తియ్యండి’ అంటాడు. మందు ఒకటే: ఒక్కో డబ్బా విడిగా స్కాన్ చేయాలి, క్వాంటిటీ బటన్ సాఫ్ట్‌వేర్‌లో మూసేయించాలి, పాతపెట్టె పూర్తయ్యేదాకా కొత్తది అరలోకి రాకూడదు. నిల్వను మెట్రిక్‌తో సరిచూసుకోవడానికి నిబంధన 30 రోజులకోసారి అంటుంది. మా మాట వింటే వారానికోసారి, ట్యాగు వారీగా చేయండి. వారం నాటి తప్పుకు వీడియో చూసి కారణం పట్టుకోవచ్చు. నెల నాటిదానికి ఎవరికీ ఏమీ గుర్తుండదు.

సరుకు దిగేటప్పుడు ఇంకో గుంట ఉంది. రిటైలర్ నేరుగా తోట నుంచి తెచ్చుకోకూడదు, లైసెన్సున్న డిస్ట్రిబ్యూటరే తెచ్చి దించాలి. షాపులో పొట్లాలు కట్టడం, లేబుల్ అంటించడం కూడా కుదరదు, అన్నీ అమ్మకానికి సిద్ధమై రావాలి. సరుకుతో వచ్చిన జాబితా (మానిఫెస్ట్) పక్కన పెట్టుకుని ట్యాగు చివరి అంకెలు, సంఖ్య, డబ్బా మీది బ్యాచ్ నంబరు, ల్యాబ్ రిపోర్టు మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఇవన్నీ సరిపోయాకే మెట్రిక్‌లో ఒప్పుకోవాలి. డ్రైవర్ తొందరపెడతాడు, ‘రెండు తక్కువుంటే రేపు ఇస్తాంలే’ అంటాడు. మీరు ‘యాక్సెప్ట్’ నొక్కిన క్షణం నుంచి ఆ రెండూ మీ దగ్గర మాయమైనట్టే. తేడా ఉన్న పెట్టెను అక్కడికక్కడే రిజెక్ట్ చేయండి. దొంగతనం గానీ, సరుకులో పెద్ద తేడా గానీ బయటపడితే 24 గంటల్లోపు శాఖకూ, పోలీసులకూ చెప్పాలి. లాగిన్ ఎవరిది వారికే ఉండాలి. మేనేజర్ పాస్‌వర్డు కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించిన షాపులో వాటా తీసుకోకండి.

డాక్టర్ సిఫార్సు లేకుండా కొనే మనిషికి ఒక రోజులో పరిమితి 28.5 గ్రాముల పూమొగ్గ, 8 గ్రాముల కాన్సంట్రేట్ (గంజాయి గాఢ సారం). ఆవిరి పీల్చే వేప్ కార్ట్రిడ్జ్ ఆ 8లోకే వస్తుంది. కాన్సంట్రేట్ కలిపిన ప్రీరోల్ (ముందే చుట్టి అమ్మే గంజాయి సిగరెట్టు) రెండు ఖాతాల్లోనూ పడుతుంది, సాఫ్ట్‌వేర్‌లో ఆ సరుకు రకం తప్పుగా నమోదైతే లెక్క తప్పుతుంది. పొద్దున కొన్నవాడే సాయంత్రం ఇంకో కౌంటరుకు వస్తే? పొద్దుటి కొనుగోలూ కలిపే లెక్కించాలి. పరిమితి నియమాలు రాష్ట్రానికో రకం గానీ ఈ తప్పు ఖరీదు తెలుసుకోవాలంటే కొలరాడో చూడండి. డెన్వర్‌లో స్వీట్ లీఫ్ అనే దుకాణాల గొలుసు ఒకే మనుషులకు రోజులో పదే పదే అమ్మింది. 2017 డిసెంబరులో పోలీసు దాడులు జరిగాయి, మరుసటి ఏడాది లైసెన్సులు పోయాయి, 2019లో యజమానులు జైలుకెళ్ళారు.

ఐడీ విషయంలో 21 నిండాలి, డాక్టర్ సిఫార్సు ఉంటే 18. విదేశీ పాస్‌పోర్టు చెల్లుతుంది, ఆధార్ చెల్లదు. సెలవులకొచ్చిన మనవాళ్ళు ఆధార్ చూపించి వాదించే దృశ్యం మీ కౌంటర్లోనూ వస్తుంది, స్టాఫుకు ముందే చెప్పండి. పనివాళ్ళందరికీ 21 దాటాలి. అమ్మకాలు పొద్దున 6 నుంచి రాత్రి 10 లోపే, సిటీ ఇంకా తగ్గించి ఉండొచ్చు. కొన్న సరుకు లోపల ఏముందో కనబడని సంచీలో పెట్టి పంపాలి. ‘రుచి చూడు’ అని ఉచితంగా ఇవ్వడం కుదరదు. రికార్డులన్నీ ఏడేళ్ళు దాచాలి.

కెమెరాలు మీ గ్యాస్ స్టేషన్లో ఉన్నవి చాలవు. కనీసం 1280×720 రిజల్యూషన్, సెకనుకు 15 ఫ్రేములు, 24 గంటలూ ఆగకుండా, 90 రోజుల నిల్వ. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యే సెట్టింగు పనికిరాదు. ఆ నాణ్యతకు కెమెరాకు సెకనుకు 1.5 మెగాబిట్లు అనుకుంటే రోజుకు 16 జీబీ, 90 రోజులకు దాదాపు ఒకటిన్నర టీబీ. 16 కెమెరాలకు 23 టీబీ పైనే. తర్వాత ఇంకో నాలుగు కెమెరాలు తగిలించి డిస్కు పెంచకపోతే రికార్డర్ మాట్లాడకుండా పాత వీడియో మీద కొత్తది రాసేస్తుంది, 90 రోజులు 70 అవుతాయి. వాటా కొనే ముందు షాపుకెళ్ళి, సరిగ్గా 89 రోజుల కిందటి మధ్యాహ్నం కౌంటర్ వీడియో చూపించమనండి. చూపించలేకపోతే మిగతా నిబంధనలు ఎలా పాటిస్తున్నారో మీకే అర్థమవుతుంది.

నగదు సంగతి. పెద్ద కార్డు సంస్థలు గంజాయి అమ్మకాలు ఒప్పుకోవు కాబట్టి నోట్లు పోగవుతాయి. ఆ నోట్లను గ్యాస్ స్టేషన్ ఖాతాలో వేయకండి, ఒక్కరోజుకు కూడా. మురికి డబ్బు కలిపారనే ఆరోపణ మీ మూడు వ్యాపారాల మీదా పడుతుంది, బ్యాంకు అన్ని ఖాతాలూ మూసేస్తుంది. ఏం వ్యాపారమో ముందే చెప్పి, ఒప్పుకున్న బ్యాంకులోనో క్రెడిట్ యూనియన్లోనో విడి ఖాతా తెరవాలి. గ్యాస్ స్టేషన్ల మీద లోన్లుంటే వాటి పత్రాల్లో ఫెడరల్ చట్టాల ఉల్లంఘన గురించి ఏం రాశారో లాయరుతో చదివించండి.

అమ్మగారి బామ్ పెట్టెలో పెట్టకండి. డిస్పెన్సరీ సరుకు రాష్ట్రం దాటకూడదు, విమానం ఎక్కకూడదు. అక్కడ దిగాక మన దేశపు మాదకద్రవ్యాల చట్టం, ఎన్‌డీపీఎస్ 1985. అమెరికాలో మత్తునిచ్చే టీహెచ్‌సీ 0.3 శాతం దాటని హెంప్ మొక్కకు ఉన్న మినహాయింపు ఆ చట్టంలో లేదు, చిన్న మోతాదు గంజాయికి కూడా ఏడాది దాకా జైలు రాసి ఉంది. ఆవిడ విజిటర్ వీసా మీద వస్తూపోతూ ఉంటే ఇక్కడ వాడినట్టు అధికారుల ముందు నోరు జారడమూ ప్రమాదమే. మోకాళ్ళకు డైక్లోఫెనాక్ జెల్ రాయొచ్చేమో ఆవిడ డాక్టర్ను అడగండి. అది ఇక్కడ చీటీ లేకుండా దొరుకుతుంది, గుంటూరులో మందుల షాపులోనూ దొరుకుతుంది. పెట్టెలో ఆ బరువు కూడా మిగులుతుంది.